మునక నేర్పిన బడి

1960 మార్చిలో, ఫ్రాన్సు దక్షిణ తీరాన మార్సేయి నగరానికి దగ్గర్లో, పోర్ట్ మియూ అనే చోట కాన్రాడ్ లింబా నీటి అడుగు గుహలోకి దిగాడు. భూమి లోపల పారుతూ వచ్చి సముద్రంలో కలిసే నది అది. లోపల దారి తప్పాడు. మళ్లీ పైకి రాలేదు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు అతను ప్రధాన డైవరు. అమెరికాలో స్కూబా డైవింగ్‌ను ఒక పద్ధతిగా, పాఠం తర్వాత పాఠంగా నేర్పిన తొలి గురువుల్లో ఒకడు. గురువు పోయినా అతని చదువు చావలేదు, చాలా ఏళ్లే బతికింది. అది కొంచెం కొంచెంగా ఎలా తరిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1943లో కూస్టో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు నీటి అడుగున ఊపిరి పీల్చుకోనిచ్చే ఆక్వాలంగ్‌ను తయారు చేశారు. యుద్ధం ముగిశాక అది అమెరికా దుకాణాలకు చేరింది. డబ్బున్నవాడు కొనుక్కుని, వీపుకు కట్టుకుని, తిన్నగా సముద్రంలోకి దిగేవాడు. అడిగేవాడు లేడు, నేర్పేవాడు లేడు. ఆ పరికరంలో ఒక యముడు దాగి ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలియదు. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడితో కలిపి మన మీద ఉండే ఒత్తిడి ఒడ్డున ఉండే దానికి రెట్టింపు. అక్కడ గుండెల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొచ్చినవాడి ఊపిరితిత్తులు చిరుగుతాయి, గాలి బుడగలు నెత్తురులోకి చొరబడతాయి. 'పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకు' అని పదేళ్ల పిల్లవాడికి కూడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పినంత మాత్రాన ఒంటబట్టదు. నీళ్లలో భయం వేస్తే మనిషి మొదట చేసే పని ఊపిరి బిగబట్టడమే. ఆ సహజ గుణాన్ని ఒంట్లోంచి తీసేయాలంటే అదే పని మళ్లీ మళ్లీ చేయించాలి. ఈ విద్యలో కష్టమంతా అక్కడే ఉంది.

1954లో లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచి అల్ టిల్‌మన్, బెవ్ మోర్గన్ మరొకరితో కలిసి స్క్రిప్స్‌కు వెళ్లి లింబా దగ్గర నేర్చుకున్నారు. తిరిగి వచ్చి జనానికి నేర్పడం మొదలుపెట్టారు. 1959లో వైఎంసీఏ ఆ పనిని దేశమంతటికీ విస్తరించింది. మరుసటి ఏడాది హూస్టన్‌లో నౌయీ (NAUI) అనే సంస్థ తన తొలి బోధకులను తయారు చేసింది. వైఎంసీఏకు ఊరూరా ఈత కొలనులు ఉండేవి, ఈత నేర్పే మనుషులు ఉండేవారు, మునిగేవాళ్లను కాపాడే విద్య అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. స్కూబా కోర్సు వారాల తరబడి సాగేది. నేర్పేవాళ్లలో చాలామంది పగలు ఏదో ఉద్యోగం చేసుకుని సాయంత్రం కొలనుకు వచ్చేవాళ్లు.

ఆ కొలనులో చేయించే ఒక అభ్యాసం గురించి చెప్పాలి. విద్యార్థి అన్నీ తగిలించుకుని అడుగుకు దిగుతాడు. అక్కడ కూర్చుని మాస్కు తీస్తాడు, ఫిన్స్ విప్పుతాడు, ట్యాంకు పట్టీలు వదులు చేసి వీపు మీంచి దించుతాడు. ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటరును కూడా వదిలేసి, సన్నగా గాలి ఊదుకుంటూ ఉత్త చేతులతో పైకి వస్తాడు. ఒక్కసారి ఊపిరి పీల్చి మళ్లీ మునుగుతాడు. మాస్కు లేదు కాబట్టి అంతా మసక. చేతులతో తడుముకుంటూ ట్యాంకు వెతుక్కోవాలి, రెగ్యులేటరు నోట్లో పెట్టుకోవాలి, అందులో చేరిన నీటిని ఊది బయటికి తోసి మొదటి శ్వాస తీసుకోవాలి. ఆ తర్వాతే మాస్కు, ట్యాంకు, పట్టీలు. మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదు. కొన్నాళ్లకు చేతులు తమంతట తామే ఆ పని చేస్తాయి. ఇంకో అభ్యాసంలో ఇద్దరికీ కలిపి ఒకే రెగ్యులేటరు. ఒకడు రెండు శ్వాసలు తీసుకుని పక్కవాడికి అందిస్తాడు, వాడు రెండు తీసుకుని తిరిగి ఇస్తాడు. గాలి లేని ఆ నాలుగు క్షణాలు పక్కవాణ్ని నమ్ముకుని ఉండటం అక్కడే అలవాటయ్యేది. సంగీతం నేర్చుకునే పిల్లల చేత ఏడాది పాటు సరళీ స్వరాలు పాడించే మన పంతుళ్లకు ఈ పద్ధతి వివరించి చెప్పనక్కర్లేదు.

1966లో షికాగో పరిసరాల్లో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ కలిసి పాడీ అనే సంస్థ పెట్టారు. క్రోనిన్ డైవింగ్ సామాను అమ్మే కంపెనీ ప్రతినిధి, ఎరిక్సన్ ఈత నేర్పే ఉపాధ్యాయుడు. అప్పటి కోర్సులు మరీ కఠినంగా ఉన్నాయనీ, రావాలనుకున్నవాళ్లు భయపడి పారిపోతున్నారనీ వాళ్ల బాధ. అందులో నిజం లేకపోలేదు. సైన్యం నుంచి వచ్చిన కొందరు బోధకులు నీళ్లలో వెనక నుంచి వచ్చి మాస్కు లాగేసేవాళ్లు, ట్యాంకు గాలి కట్టేసేవాళ్లు. అలాంటి చోట ఆడవాళ్లు, పెద్ద వయసువాళ్లు నిలబడలేకపోయారు. ఆ మొరటుతనం పోవాల్సిందే, పోయింది కూడా. పోయినవాటిలో అది ఒక్కటే ఉంటే నాకు ఏ విచారమూ లేదు.

నేర్పే చోటు కొలను నుంచి డైవింగ్ దుకాణానికి మారింది. దుకాణానికి కోర్సు అంటే గడప. ఆ గడప దాటి లోపలికి వచ్చినవాడే మాస్కు, సూటు, గాలి జాకెట్టు కొంటాడు, పడవ టికెట్టు కొంటాడు. గడప ఎంత తక్కువ ఎత్తుంటే అంతమంది లోపలికి వస్తారు. కోర్సును ముక్కలు చేశారు. తోటివాణ్ని కాపాడే విద్య మొదటి కోర్సు నుంచి చాలావరకు తప్పుకుని విడి కోర్సుగా, విడి రుసుముతో, విడి అర్హత కార్డుతో వచ్చింది. వారాలు రోజులయ్యాయి. ఎవరో ఒక్కరు కూర్చుని చేసిన ద్రోహం కాదిది. ఒక్కో అభ్యాసాన్ని తీసేసినప్పుడు ఒక్కో మంచి కారణమే చెప్పారు.

పనిముట్లు మెరుగుపడ్డాయన్నది ఆ కారణాల్లో పెద్దది, నిజమైనది. ట్యాంకులో ఎంత గాలి మిగిలిందో చూపే గేజు వచ్చింది. పక్కవాడికి ఇవ్వడానికి అదనపు రెగ్యులేటరు వచ్చింది, దాన్ని ఆక్టోపస్ అంటారు. లోతును, సమయాన్ని లెక్కగట్టే కంప్యూటరు మణికట్టు మీదికి వచ్చింది. 1970ల నడుమ అమెరికాలో ఏటా వందమందికి పైగా డైవర్లు చనిపోయేవారు, తర్వాతి దశాబ్దం చివరికి ఆ సంఖ్య బాగా తగ్గింది. కోర్సు తేలికవడం వల్ల జనం గుంపులు గుంపులుగా చచ్చిపోతున్నారని ఎవరైనా అంటే అది అబద్ధం.

కానీ చనిపోయినవాళ్లు ఎలా చనిపోయారో చూడండి. డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ సంస్థ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 మరణాలను పరిశీలించారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తెలిసిన సందర్భాల్లో 41 శాతం గాలి చాలకపోవడంతోనే మొదలయ్యాయి. గేజు ఎదురుగా ఉంది, మనిషి చూడలేదు. చూసినా అప్పటికే ఆలస్యమైంది. యంత్రం అంకె చూపిస్తుంది గానీ, ప్రతి రెండు నిమిషాలకూ ఆ అంకె వైపు కన్ను తిప్పే అలవాటును మనిషికి ఇవ్వదు. దాన్ని ఇవ్వాల్సింది బడే.

ఇవాళ పాడీ మొదటి కార్డు కోసం ఈదాల్సింది 200 మీటర్లు, గడువు లేదు. ఫిన్స్, మాస్కు పెట్టుకుంటే 300. పది నిమిషాలు నీటి మీద తేలాలి. పాఠం ఇంట్లో ఫోను చూసి చదువుకోవచ్చు. తర్వాత కొలనులో అభ్యాసాలు, ఆపైన బయటి నీటిలో నాలుగు డైవ్‌లు. పదేళ్ల పిల్లలకూ జూనియర్ కార్డు వస్తుంది. పెద్దవాళ్లకైతే ఆ కార్డు 18 మీటర్ల వరకు తోటివాడితో కలిసి, గురువు పక్కన లేకుండా దిగే అర్హత. పైగా దానికి గడువు తేదీ లేదు. పదిహేనేళ్లు నీటి మొహం చూడనివాడు కూడా ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టొచ్చు. మళ్లీ ఓసారి సాధన చేసి రమ్మని సంస్థలు సలహా ఇస్తాయి, కొన్ని పడవలవాళ్లు పట్టుబడతారు కూడా. కార్డు మాత్రం చెల్లుతూనే ఉంటుంది.

అండమాన్‌లో హావ్‌లాక్ దీవికి హైదరాబాద్, విజయవాడల నుంచి సెలవులకు వెళ్లే మన పిల్లలకు ఈ లోకం కొత్త కాదు. విశాఖలో ఋషికొండ దగ్గర కూడా ఇప్పుడు స్కూబా నేర్పుతున్నారు. సెలవు నాలుగు రోజులే ఉంటుంది కాబట్టి కోర్సూ నాలుగు రోజుల్లో ఇమడాలి. ఆ నాలుగు రోజుల్లోనూ ప్రాణం పెట్టి నేర్పే గురువులు ఉన్నారు. తృప్తి కలగలేదు, ఇంకో రోజు ఉండమని చెప్పేవాళ్లు ఉన్నారు. తిరుగు విమానం టికెట్టు చేతిలో పెట్టుకున్నవాడు ఆ మాట వింటాడా?

2008లో వైఎంసీఏ తన స్కూబా కార్యక్రమాన్ని మూసేసింది. అమెరికా అంతటా మొట్టమొదట పాఠం చెప్పిన బడి, అర్ధ శతాబ్దానికి ఒక్క ఏడాది ముందే ఆగిపోయింది. పెద్ద గోల ఏమీ జరగలేదు. డైవింగ్ వ్యాపారం అప్పటికే ఎంత పెద్దదైందంటే, ఆ లోటు లెక్కలో కనిపించలేదు. పాత బోధకులు కొందరు ఊరుకోలేక వేరే సంస్థ పెట్టుకుని, ఆ పాత ప్రమాణాలనే తమవిగా తీసుకున్నారు. అది చిన్న సంస్థ. దాని దగ్గర చేరాలంటే ముందు దాని పేరు తెలియాలి, అది నేర్పే ఊరు వెతుక్కోవాలి, ఎక్కువ రోజులు కేటాయించాలి. అక్కడ ఇచ్చే కార్డు పడవ దగ్గర చేసే పనీ, వారాంతంలో వచ్చిన కార్డు చేసే పనీ ఒక్కటే.