లెక్కల మాస్టారి వాచీ

మన బడి గంట ఎవరి వాచీని బట్టి మోగేదో గుర్తుందా? వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క దగ్గర అటెండరు సుత్తి పట్టుకుని, లెక్కల మాస్టారు తలూపేదాకా ఆయన వైపే చూస్తూ నిలబడేవాడు. మాస్టారిది హెచ్.ఎం.టి. జనతా. డ్రిల్లు మాస్టారిది ఆల్విన్. ఏది గొప్పదన్న వాదన ఇంటర్వెల్లో తెగేది కాదు. ఒకసారి మా వెనక బెంచీ మిత్రుడి మేనమామ దుబాయి నుంచి సీకో వాచీతో దిగి, "ఇవేం వాచీలండీ, ఫారిన్ సరుకు ముందు" అనేశాడు. లెక్కల మాస్టారికి ఆ రోజంతా కోపమే. మనకు హోంవర్కు రెట్టింపు!

ఇంజనీరునయ్యాక తెలిసింది, ఆ ముగ్గురి వాదనకీ పునాది లేదని. బెంగళూరులో యంత్రాలు తయారుచేసే హెచ్.ఎం.టి. 1961లో వాచీలు మొదలుపెట్టింది జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో. 1942లో హైదరాబాదులో పుట్టి బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు చేసిన ఆల్విన్‌కి వాచీల విద్య నేర్పింది సీకో. అంటే డ్రిల్లు మాస్టారి వాచీ, మేనమామ వాచీ దగ్గరి చుట్టాలే.

అసలు తగువు దేశీకీ విదేశీకీ కాదు, కీకీ సెల్లుకీ. కీ వాచీలో స్ప్రింగు విప్పుకుంటూ చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తుంది. క్వార్ట్జ్ వాచీలో సెల్లు కరెంటుకి చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది, అదే సెకను. సీకో 1969లోనే ఇలాంటి వాచీని అమ్మకానికి పెట్టింది. మన దేశంలో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ క్వార్ట్జ్‌నే నమ్ముకుంది. హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ చేసింది గానీ, బలమంతా కీ వాచీల మీదే ఉండిపోయింది.

"గవర్నమెంటు కంపెనీ కదా, అందుకే మునిగింది" అని తేల్చేస్తారు చాలామంది. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేసిన నాకు అది సగం మాటే అనిపిస్తుంది. యంత్రాలూ, కార్మికుల చేతులూ స్ప్రింగులకూ పళ్లచక్రాలకూ అలవాటుపడి ఉన్నచోట మార్పు ఒక్క ఉత్తర్వుతో రాదు. పైగా కొనేవాళ్ల లెక్కలు వేరు. 1986లో నేను పది పాసైనప్పుడు నాన్న హెచ్.ఎం.టి. కొనితెచ్చారు. నేను క్వార్ట్జ్ కావాలని మొహం తిప్పుకున్నాను. "సెల్లయిపోతే మనూళ్లో ఎవడు వేస్తాడ్రా?" అన్నారు. ఇంకేమీ అనకుండా దాన్ని తన చేతికే పెట్టుకున్నారు. నా మొదటి జీతంతో కొనిచ్చిన క్వార్ట్జ్ వాచీ మాత్రం బీరువాలోంచి బయటికి రాలేదు.

2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పేపరు చదివి నాన్న ఫోన్ చేశారు. "స్ప్రింగు తెగితే దొరుకుతుందంటావా?" అని ఒక్కటే అడిగారు. కోఠీలో రెండు కొని పంపాను. వాటి అవసరం ఆయనకు రాలేదు. ఇప్పుడా వాచీకి రోజూ నేనే కీ ఇస్తున్నాను.

లెక్కల మాస్టారి జనతా ఎవరి దగ్గరుందో తెలిసినవారు సంఘానికి కబురు చేయండి. స్ప్రింగు నా దగ్గర ఉంది.