గాజుతొట్టిలో సముద్రం

2003లో నీమో సినిమా వచ్చాక మన పిల్లలు చాలామంది ఆ చేపే కావాలన్నారు. దాని వెనక పెద్ద కథే ఉంది.

1846లో అన్నా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్ తెచ్చుకుంది. నీళ్ళకి గాలి తగలాలని, పనిమనిషి చేత కిటికీ దగ్గర అరగంట, ముప్పావుగంట ఆ నీళ్ళు తిరగబోయించేది. మన ఇళ్ళలో కాఫీ తిరగబోసినట్టే!

అసలు మలుపు 1961లో. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళని జీవంతో సహా తొట్టిలో పెట్టే పద్ధతి గురించి రాశాడు. రాళ్ళమీది సూక్ష్మజీవులే నీళ్ళు శుభ్రం చేస్తాయి.

రాళ్ళతోపాటు తగవులూ వచ్చాయి. రాతిసందు చేపకి సొంతిల్లు. 30 గాలన్ల తొట్టిలో డామ్‌సెల్‌ని ముందు వేశారా, తరవాత వచ్చినవాటికి నిలవనీడ ఉండదు. ఫైర్‌ఫిష్ లాంటి సాధువుల్ని ముందు వదలండి, క్లౌన్ జంటని చివర్న. రాయల్ గ్రామా ఒక్కటి చాలు. టాంగ్‌కి ఈదే చోటు చాలదు, లయన్‌ఫిష్ చిన్నవాటిని మింగేస్తుంది.

క్లౌన్ జంటలో పెద్దది ఆడది. అది పోతే మగదే ఆడదవుతుంది! అందుకని ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు పిల్లల్ని తెచ్చుకుంటే చాలు. 1970లలోనే ఫ్లోరిడాలో మార్టిన్ మో వీటిని అమ్మకానికి పెంచాడు. దుకాణంలో "తొట్టిలో పుట్టినదేనా?" అని అడిగి కొనండి, మేత త్వరగా ముడుతుంది.