కొత్తగా కొన్న గుర్రానికి నట్టల నివారణ

నట్టల నివారణ అనగా పశువుల జీర్ణనాళంలో పెరిగే పరాన్నజీవ పురుగులను మందులతో తొలగించడం. కొత్తగా కొన్న గుర్రానికి పూర్వపు యజమాని ఏ మందు ఎప్పుడు ఇచ్చాడో తెలియనపుడు ఈ చికిత్సకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఆ గుర్రపు ఆరోగ్యం ఒక కారణం. మందుకు లొంగని పురుగులు దానితోపాటు వచ్చి కొత్త పచ్చిక బయలులో స్థిరపడకుండా చూడటం అంతకంటే ముఖ్యమైన కారణం.

ముఖ్యమైన పురుగులు

పెద్ద గుర్రాలలో అత్యధికంగా కనిపించేవి చిన్న స్ట్రాంగైల్ పురుగులు. వీటి లార్వాలు పెద్దప్రేగు గోడలో తిత్తులు కట్టుకొని నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ళకు పైగా నిద్రాణంగా ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి బయటపడితే తీవ్రమైన విరేచనాలు కలిగి గుర్రం చిక్కిపోతుంది. ఈ స్థితిలో మరణాలు 50 శాతం దాకా ఉండవచ్చును. ఆరేళ్ళ లోపు గుర్రాలకు ప్రమాదం ఎక్కువ.

పెద్ద స్ట్రాంగైల్ లార్వాలు ప్రేగులకు రక్తాన్నిచ్చే ధమనిలో చేరి రక్తపు గడ్డలకు కారణమవుతాయి. బద్దెపురుగులు పచ్చికలోని సూక్ష్మమైన నల్లుల ద్వారా సంక్రమిస్తాయి. గుర్రపు పిల్లలలో ఏలికపాములు ముఖ్యమైనవి.

లద్దె పరీక్ష

ఒక గ్రాము లద్దెలో ఎన్ని గుడ్లు ఉన్నాయో సూక్ష్మదర్శినితో లెక్కిస్తారు. మందు ఇచ్చే ముందే ఈ లెక్క తీసుకోవాలి. అయితే గుడ్లు కనిపించనంత మాత్రాన గుర్రంలో పురుగులు లేవని భావించరాదు. తిత్తులలోని లార్వాలు గుడ్లు పెట్టవు. బద్దెపురుగు గుడ్లు సాధారణ పరీక్షకు తరచుగా దొరకవు. పైగా అమ్మకానికి కొద్ది వారాల ముందు మందు పట్టించి ఉంటే కూడా లెక్క సున్నా రావచ్చును.

మందులు, మోతాదు

చరిత్ర తెలియని పెద్ద గుర్రానికి సాధారణంగా మాక్సిడెక్టిన్, ప్రాజిక్వాంటెల్ కలిపి ఇస్తారు. మొదటిది కిలో బరువుకు 0.4 మిల్లీగ్రాముల చొప్పున ఒకే మోతాదులో తిత్తులలోని లార్వాలపై కూడా పనిచేస్తుంది. రెండవది బద్దెపురుగులకు. ఐవర్‌మెక్టిన్ (కిలోకు 0.2 మిల్లీగ్రాములు) మంచి మందే గానీ తిత్తులలోని లార్వాలను చేరదు. ఫెన్‌బెండజోల్‌ను అయిదు రోజులు వరుసగా ఇచ్చే పద్ధతి ఉన్నప్పటికీ, చిన్న స్ట్రాంగైల్ పురుగులు చాలా దేశాలలో దానికి లొంగడం లేదు.

మాక్సిడెక్టిన్ కొవ్వులో నిలిచే మందు కనుక బాగా చిక్కిన గుర్రాలకు, ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వరాదు. ఏలికపాములు అధికంగా ఉన్న పిల్లలో అవన్నీ ఒక్కసారిగా చస్తే ప్రేగు మూసుకుపోవచ్చును. ఇటువంటి వాటికి పశువైద్యుడే మందు నిర్ణయించాలి. కుక్కలు, ముఖ్యంగా కోలీ జాతివి, ఒలికిన మందును గానీ లద్దెను గానీ తినకుండా చూడాలి.

బరువును కంటితో అంచనా వేస్తే తక్కువ మోతాదు పడే అవకాశం ఉంది. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం కొన నుండి పిరుదు కొన వరకు గల పొడవుతో మరల గుణించి (అన్నీ సెంటీమీటర్లలో), 11,880తో భాగిస్తే కిలోలలో బరువు వస్తుంది. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే బరువు సుమారు 302 కిలోలు. దానికి మాక్సిడెక్టిన్ సుమారు 120 మిల్లీగ్రాములు.

వేరుగా ఉంచుట

1966లో అమెరికాలో డ్రడ్జ్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు పెద్ద స్ట్రాంగైల్ పురుగుల నివారణకు రెండు నెలలకొకసారి మందు ఇచ్చే పద్ధతిని సూచించారు. ఆ పురుగులు తగ్గాయి, కానీ దశాబ్దాల తరబడి అన్ని గుర్రాలకూ అలాగే ఇవ్వడంతో మందుకు తట్టుకునే చిన్న స్ట్రాంగైల్ పురుగులు మిగిలి వృద్ధి చెందాయి. ఐర్లండు నుండి అమెరికాకు దిగుమతి చేసుకున్న ఏడాది వయసు పందెపు గుర్రాలలో ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్ రెండింటికీ లొంగని పురుగులు ఉన్నట్లు 2020లో వెల్లడైంది.

అందువలన మందు ఇచ్చాక గుర్రాన్ని పచ్చికపైకి వదలక శాలలోనే ఉంచి, లద్దెను రోజూ ఎత్తి వేరుగా కుళ్ళబెట్టాలి. తేమ, వెచ్చదనం ఉంటే గుడ్ల నుండి వచ్చిన లార్వాలు సుమారు వారంలోనే సంక్రమించే దశకు చేరతాయి కనుక తెలుగు రాష్ట్రాలలో వానాకాలంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 14 రోజుల తరువాత లద్దెను మరల పరీక్షించి మొదటి లెక్కతో పోల్చాలి. గుడ్లు దాదాపు పూర్తిగా పోతే మందు పనిచేసినట్లు; అప్పుడే మిగతా గుర్రాలతో మేతకు వదలవచ్చును. గుడ్లు మిగిలి ఉంటే గుర్రాన్ని వేరుగానే ఉంచి, వేరే వర్గానికి చెందిన మందు ఇచ్చి, మరల 14 రోజులకు పరీక్ష చేయిస్తారు.