కోడి ముఖం వాచిందా? ముందు నోరు తెరచి చూడండి



పెరట్లో తిరిగే కోడిపెట్టకు ఒక కన్ను మూసుకుపోయింది. కంటి కింద ఉసిరికాయంత వాపు. ముక్కు వెంట నీరు కారుతున్నది. నోరు తెరచి గురక పెడుతూ ఊపిరి తీస్తున్నది. ఇది మీరెరుగని సంగతి కాదు. "జలుబు చేసింది, వెల్లుల్లి నూరి పొయ్యి" అంటారు ఒకరు. మందులకొట్టుకు పోయి ఏదో ఒక బిళ్ళ తెచ్చి నీళ్ళలో కలుపుతారు మరొకరు. ఒక్కోసారి కోడి బతుకుతుంది. ఒక్కోసారి నాలుగు రోజుల్లో గూడంతా ఖాళీ అవుతుంది. ఒకే మందు ఒకసారి పనిచేసి, ఇంకోసారి ఎందుకు చెడుతుంది? దీనికి జవాబు దొరకడానికి మనిషికి రెండు వేల ఏళ్ళు పట్టింది. ఆ కథ వినండి.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమను రాజ్యంలో కొలుమెల్లా అనే పెద్దరైతు ఉండేవాడు. వ్యవసాయం మీద ఆయన రాసిన గ్రంథంలో కోళ్ళ జబ్బుల ప్రస్తావన ఉన్నది. నాలుక కొసమీద తెల్లని పొర కడితే గోటితో గిల్లి తీసి, బూడిద అద్ది, నలిపిన వెల్లుల్లి పెట్టమన్నాడు. కంటి కింద చీము గట్టిపడితే కత్తితో కోసి, పిండి, ఉప్పు రుద్దమన్నాడు. చలి, తిండి లోపం, వేసవిలో పెరట్లో నిలిచిన మురుగునీరు ఈ జబ్బుకు కారణాలని కూడా చెప్పాడు. వెల్లుల్లి వైద్యం మన పల్లెల సొత్తే అనుకుంటున్నామా? రోములోనూ అదే!

ఆయన చెప్పినదాంట్లో మురుగునీటి మాట మనకు ఈనాటికీ పనికివస్తుంది. కాని ఆ నాలుక పొర అసలు జబ్బు కాదు. ముక్కు మూసుకుపోయిన కోడి నోటితో ఊపిరి పీలుస్తుంది. దానితో నాలుక కొస ఎండి గట్టిపడుతుంది, అంతే. దాన్ని గిల్లడమంటే కోడి నాలుకను గిల్లడమే. ఈ పని తరతరాలుగా సాగింది.

తరువాత ఇంగ్లండు రైతులు ముఖం వాచిన ప్రతి కోడికీ "రూప్" అని ఒకటే పేరు పెట్టారు. పేరొకటే గనుక మందూ ఒకటే. చిక్కంతా అక్కడే వచ్చింది. కోడి గొంతులో పొర చూసి, పిల్లలకు వచ్చే కంఠసర్పి కూడా ఇదేనేమో అని భయపడినవారూ ఉన్నారు. 1884లో జర్మనీలో లోఫ్లర్ మనుషుల కంఠసర్పి క్రిమిని వేరుచేసి, పావురాల గొంతుజబ్బులో దొరికే క్రిమి వేరని చూపించాడు.

ఆ ఒక్క పేరు వెనుక ఎన్ని జబ్బులు దాగి ఉన్నాయో ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్కటిగా బయటపడింది.

మొదటిది మశూచి. ఇది అతి సన్నని జల్లెడలో కూడా జారిపోయే వైరసు అని 1902లో తేలింది. జుట్టుమీద బొబ్బలు, నోట్లో పసుపు పొర, ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు రూపాలని ఆ తరువాత తెలిసింది. 1931లో అమెరికాలో వుడ్రఫ్, గుడ్‌పాశ్చర్ అనేవారు ఈ వైరసును పొదిగే గుడ్డులో పెంచారు. మనుషులకు వేసే ఎన్నో టీకాలు గుడ్డులో తయారు కావడానికి దారి తీసింది ఈ కోడి జబ్బే!

రెండవది తిండి లోపం. విటమిన్ ఎ సంగతి 1913లో తెలిసింది. 1924లో కాలిఫోర్నియాలో బీచ్ అనే పశువైద్యుడు, రూప్ అనుకుంటున్న జబ్బుల్లో ఒకటి అంటురోగమే కాదనీ, పచ్చమేత లేక వచ్చినదనీ ప్రకటించాడు.

మూడవది కొరైజా. దీని క్రిమిని 1932 ప్రాంతంలో హాలెండులో డి బ్లీక్ పట్టుకున్నాడు. 1941లో అమెరికాలో సల్ఫా మందు దీనికి పనిచేస్తుందని చూపించారు. దానితో వాపు తగ్గింది కాని, కోలుకున్న కోడి క్రిమిని లోపల దాచుకుని కొత్తకోళ్ళకు అంటిస్తూనే ఉంటుంది. మందుకు దొరకని ఈ లోపాన్ని మన జాగ్రత్తతోనే పూడ్చుకోవాలి.

ఇక మనం చేయవలసినది ఏమిటయ్యా అంటే, మందుకంటే ముందు చూపు. జబ్బుకోడిని వెంటనే వేరే గంపకింద ఉంచండి. వెలుతురులో నోరు తెరచి చూడండి.

ఒకటి రెండు రోజుల్లో కోడినుంచి కోడికి పాకుతూ, ముఖం వాచి, ముక్కునీరు కంపు కొడితే కొరైజా అని అనుమానించాలి. పశువైద్యుడు చెప్పిన మందు చెప్పినన్ని రోజులూ వాడాలి. మధ్యలో మానకూడదు. ఆ రోజుల్లోనూ, ఆయన చెప్పిన గడువు దాటేవరకూ గుడ్లు, మాంసం తినవద్దు, అమ్మవద్దు. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచి గాని మందలో కలపరాదు.

జుట్టుమీద పొక్కులు, నోట్లో అతుక్కున్న పసుపు పొర ఉంటే మశూచి. పొరను పీకవద్దు, నెత్తురు కారి పుండవుతుంది. దీనికి మందు లేదు. టీకాయే దిక్కు. 6 నుంచి 8 వారాల వయసులో రెక్క పొరలో వేయిస్తారు. దోమలు కూడా దీన్ని మోస్తాయి గనుక గూటి దగ్గర నీరు నిలవనీయకండి.

నోట్లో, గొంతులో ఆవగింజలంత తెల్లని పొక్కులుండి, మూసి పెంచే కోళ్ళకు పచ్చమేత లేకపోతే విటమిన్ లోపం అనుకోవచ్చు. మునగాకు, తోటకూర, పసుపు మొక్కజొన్న పెట్టండి. ముదిరితే విటమిన్ చుక్కలు అవసరం.

ఏ జబ్బయినా కన్ను అంటుకుపోతే, కాచి చల్లార్చిన నీటిలో కాస్త ఉప్పు వేసి, శుభ్రమైన గుడ్డతో మెత్తగా తుడవండి. గట్టిపడిన చీమును కోసి తీయడం పశువైద్యుని పని. కొలుమెల్లా కత్తిని మీరు పట్టవద్దు.

చివరిగా ఒక హెచ్చరిక. ముఖం వాచి, జుట్టు నీలమై, కోళ్ళు ఒక్కసారిగా రాలిపోతుంటే ఇంటివైద్యం పనికిరాదు. అది కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. బర్డ్ ఫ్లూ 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మనదేశంలో మొదటిసారి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలకూ వచ్చింది. అది మనుషులకూ సోకగలదు. చచ్చిన కోళ్ళను చేత్తో ముట్టకండి, కోసుకోకండి, కాలువలో పారవేయకండి. అదే రోజు పశువైద్యశాలకు కబురు చేయండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మాట. రైతు వచ్చి "మందేమిటి?" అని అడిగినప్పుడు, "నోట్లో ఏముంది? ఎన్ని కోళ్ళకు వచ్చింది? ఎన్నాళ్ళయింది? మేతేమిటి?" అని ముందు మీరు అడగండి. రెండు వేల ఏళ్ళు వృథాపోయింది ఈ నాలుగు ప్రశ్నలు అడగకనే. పది కోళ్ళు పెంచుకునే ఇల్లాలికి ఆ గుడ్లే పిల్లల పౌష్టికాహారం, ఆ కోళ్ళే అవసరానికి చేతిలో పైకం. ఆమె కోడిని కాపాడేది ముందు ఈ ప్రశ్నలు, ఆ తరువాతే మందు.