పదకొండు ఎక్కదు, పన్నెండు ఆగదు

ఆటోనగర్ మేస్త్రీ నా చేతిలోని పన్నెండు నంబరు పానా చూసి, "దీంతోనా తిప్పావు?" అన్నాడు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనాల్సిందంతా బోల్టు తల మీదే కనపడుతోంది. ఆరు మూలలూ పోయి గోళీకాయలా మెరుస్తోంది.

బండి మా నాన్నది, డెబ్బైల నాటి బుల్లెట్. ఆయన పోయాక నాలుగేళ్లుగా మెట్ల కింద ఉండిపోయింది. అమ్మేద్దామంటుంది అమ్మ. చూడ్డానికి వచ్చినవాళ్లు పాత ఇనుము రేటు చెప్పి పోయారు. ఒక్కసారి స్టార్టయితే అమ్మ మనసు మారుతుందేమోనని నా ఆశ. దానికి అడ్డంగా ఇంజిన్ పక్కన చిన్న కవరు, ఆ కవరుకి ఈ పావు ఇంచీ బోల్టు. మొండికేసి లాగితే తల తెగుతుంది. అల్యూమినియం కేసు పగిలితే ఇక అమ్మ మాటే నెగ్గుతుంది.

తుప్పే కారణమనుకున్నాను. కొంతవరకూ నిజమే. ఇనుము తుప్పయ్యాక అంతకుముందు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఆ చోటెక్కడిది? బిగుసుకుపోతుంది. కానీ మూలలు పోగొట్టింది తుప్పు కాదు, నేను. ఆ తల కొలత 0.445 ఇంచీ, అంటే 11.3 మిల్లీమీటర్లు. పదకొండు పానా ఎక్కదు. పన్నెండు ఎక్కుతుంది గానీ జారుతుంది. ఈ వెంట్రుకవాసి తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే 1841లో తేలాను.

అంతకుముందు ఇంగ్లండులో ఏ కార్ఖానా మర దానిదే. ఒకరి బోల్టుకి ఇంకొకరి నట్టు పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన రకరకాల వర్క్‌షాపుల బోల్టులు పోగేసి, కొలిచి, వాటి సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలుండాలని, ఏ లావుకి ఇంచీకి ఎన్ని చుట్లో పట్టిక వేసి, 1841లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు పెట్టాడు. రైల్వేలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. తర్వాత అదే కోణంతో సన్నమర వచ్చింది. సైకిళ్లవాళ్లు మాత్రం 60 డిగ్రీలతో వేరు కాపురం పెట్టారు. మోటార్ సైకిల్ ఆ ఇంటి బిడ్డే కదా, దానికి రెండు వైపుల అలవాట్లూ వచ్చాయి.

1955లో రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపింది. బుల్లెట్ తిరువొత్తియూరుకి వచ్చింది. మరుసటి ఏడాదే మెట్రిక్ కొలతల చట్టం. దేశం శేర్లూ గజాలూ వదిలి కిలోలూ మీటర్లూ నేర్చుకుంటుంటే, ఆ బండి లోపల మాత్రం ఇంచీలు చాలాకాలం అలాగే ఉండిపోయాయి. నాలాంటివాళ్లు బజార్లో దొరికే మిల్లీమీటర్ల పానాలతో దాని మీద పడ్డారు. పాత బుల్లెట్ మొండిదని అందరూ అంటారు గానీ, పాపం, దాని భాషలో దాన్ని అడిగిందెవరు?

మేస్త్రీ పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టించాడు. రాత్రంతా బోల్టు చుట్టూ డీజిల్ నాననిచ్చాడు. పొద్దున తడి తుడిచేసి, ఇత్తడి కడ్డీ ఆనించి తల మీద నిలువునా నాలుగు దెబ్బలు వేశాడు. ఆకురాయితో రెండు వైపులా చదును చేసి, తలని సరిగ్గా పదికి దించాడు! చట్టం వచ్చిన ఇన్నేళ్లకి మా బోల్టు మెట్రిక్‌లోకి మారింది. తర్వాత కేసుకి సెగ చూపించాడు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. పది పానా తగిలించి ముందు బిగించాడు, విప్పలేదు. కిర్రుమంది. అప్పుడు పావు చుట్టు వెనక్కి, కాస్త ముందుకి, మళ్లీ వెనక్కి. అరగంట పట్టింది.

బోల్టుని వెలుగులో తిప్పి చూశాడు. మరల అంచులకి అల్యూమినియం రజను అంటుకుని ఉంది. "ఇది ఈ బొక్కది కాదు బాబూ. సైకిల్ మర. ఎవరో బలవంతాన ఎక్కించారు."

పావు ఇంచీ దగ్గరే వస్తుంది చిక్కంతా. సన్నమరకీ ఇంచీకి 26 చుట్లే, సైకిల్ మరకీ 26 చుట్లే. ఐదు డిగ్రీల తేడా వేళ్లకి తెలీదు. పట్టినట్టే పట్టి లోపల కొరుక్కుంటుంది.

ఎవరో నాకు తెలుసు. నా పదో తరగతి సెలవుల్లో, కరెంటు పోయిన ఒక రాత్రి, నాన్న ఈ కవరే విప్పి అసలు బోల్టు పోగొట్టుకున్నాడు. మేకుల డబ్బా గుమ్మరించి ఒకటి ఏరాడు. సగం దాకా వెళ్లి ఆగితే, పానాకి గొట్టం తొడిగి తిప్పాడు. "పట్టిందిరా" అన్నాడు. టార్చి పట్టుకున్నది నేనే.

పైమరలు రెండు పోయినా లోపలివి మిగిలాయి. మేస్త్రీ ట్యాప్ దింపి శుభ్రం చేశాడు. సరైన బోల్టు వేళ్లతోనే చివరిదాకా వెళ్లింది. మిగతా పనికి రెండ్రోజులు పట్టింది. కిక్ రెండుసార్లు వెనక్కి తన్నింది, మూడోసారికి బండి అందుకుంది. అమ్మకి ఫోన్ కలిపి, ఏమీ మాట్లాడకుండా ఇంజిన్ దగ్గర పెట్టాను.