మైసూరు యోగశాలలో గురుత్వము

యోగము నేర్పు గురువును తయారుచేయుట యనునది ఒక వృత్తివిద్యగా రూపుదాల్చుటకు పూర్వము, గురువు ఏ దినమున శిష్యుని బిలిచి "ఇక వెళ్ళి చెప్పుము" అని ఆజ్ఞాపించునో ఆ దినమే వానికి పట్టాభిషేకదినముగా నుండెను. ఆ పాతపద్ధతి తన చివరి దశలో ఎట్లుండెనో, కొత్తపద్ధతికి ఏ విధముగా దారి యిచ్చెనో చూడగోరువారికి మైసూరు జగన్మోహన ప్రాసాదమున 1933లో వెలసిన యోగశాల చక్కని తార్కాణము.

ఆ శాలకు ఆచార్యుడు తిరుమలై కృష్ణమాచార్యులు. కాశిలో శాస్త్రములు చదివిన పండితుడయ్యు, జీవిక కొరకు హాసన ప్రాంతపు కాఫీతోటలో కొంతకాలము కొలువు చేసిన ఈయనను నాల్వడి కృష్ణరాజ ఒడెయరు మహారాజు చేరదీసి, రాజబంధువులైన అరసు బాలురకు యోగము నేర్పుటకు నియోగించెను. రాజుగారి ఖర్చుతో శిష్యులను వెంటబెట్టుకొని ఊరూర ఆసనప్రదర్శనములు చేయించుటయు, 1934లో కన్నడమున 'యోగ మకరంద' మను గ్రంథము వ్రాయుటయు ఈ కాలపు పనులే. యోగము సన్యాసుల సొత్తని తలచు లోకమునకు దానిని బడిపిల్లల విద్యగా చూపింపవలెనని రాజునకు గల సంకల్పమే ఆ ప్రదర్శనములకు మూలము. ఇందుకై ఆచార్యునకు తేజస్వులైన బాలురు కావలసివచ్చిరి గాని, బోధకులు కావలసిరాలేదు.

బోధకుడు కాదగినవాడని ఆయన యెన్నడును తలంపని బాలుడొకడు ఆ యింటనే యుండెను. బెళ్ళూరు గ్రామమున 1918లో పుట్టి, మలేరియా, టైఫాయిడ్, క్షయలతో శుష్కించిన బి. కె. ఎస్. అయ్యంగారు, 1934లో అక్కగారి యింటికి, అనగా ఆచార్యుని యింటికి, వచ్చి చేరెను. తోటకు నీరు పోయుట మొదలగు ఇంటిపనులే మొదట నాతనికి దక్కిన విద్య. బావగారికి మిక్కిలి ఇష్టుడైన మరియొక శిష్యుడు ఒకనాటి ఉదయమున చెప్పకయే వెడలిపోగా, ప్రదర్శనము దగ్గరపడుచుండుటచే, కొద్దిదినములలో ఈ బలహీనునకే కఠినాసనములు నేర్పవలసివచ్చెను. ఒక సభలో హనుమదాసనము వేయుమని గురువు ఆజ్ఞాపింప, బిగుతైన చెడ్డి అడ్డమని శిష్యుడు తప్పించుకొనజూచెను. గురువు కత్తెర తెప్పించి ఆ చెడ్డి కుట్లు కత్తిరింపించెను! శిష్యుడు ఆసనము వేసెను; కాళ్ళ నరములు పట్టి చాలకాలము బాధపడెను. ఈ ముచ్చట అయ్యంగారే తరువాత చెప్పుకొనిరి. దీనిని శిక్షణ యనవలయునో శిక్ష యనవలయునో నాకు తోచదు.

అట్టి బాలుడు గురువగుట యెట్లు? 1936లో ధారవాడ ప్రదర్శనము ముగిసినపిదప కొందరు స్త్రీలు తమకును నేర్పుమని కోరగా, పురుషులైన పెద్దశిష్యులను వారికడకు పంపుట బాగుగాదని, అందరిలో చిన్నవాడగు అయ్యంగారిని ఎంచిరి. మరుసటి యేట పుణెనుండి కొందరు బోధకుని కోరినపుడు, ఇంగ్లీషు కొంచెము వచ్చుటచే ఆరు మాసములకని ఈతనినే పంపిరి. అచ్చటి శిష్యులు వయసున పెద్దలు, దేహసౌష్ఠవమున మేటులు. వారు వేయగల్గిన ఆసనములు ఈ బాలగురువునకే సరిగా వచ్చెడివి కావు. మరాఠీ రాదు. అర్ధాకలితో గంటలకొలది తనపై తానే ప్రయోగములు చేసి, ఏ కండరము లాగినచో ఏ కీలు సడలునో గ్రహించి, మరునాడు వారికి చెప్పుట. ఈ అవస్థలోనే ఆయన శాస్త్రమంతయు పుట్టెను. మైసూరు నేర్పని దానిని పుణె నేర్పెను.

కృష్ణమాచార్యుల తక్కిన శిష్యులలో పట్టాభి జోయిసు మొదట హాసనలో, పిదప మైసూరులో ఆయనకు శుశ్రూష చేసి, సంస్కృత కళాశాలలో బోధకుడయ్యెను. ఇంద్రాదేవి యను పేరుగల ఐరోపా స్త్రీని ఆచార్యుడు మొదట నిరాకరించి, రాజు చెప్పినమీదట చేర్చుకొని, ఆమె దేశము విడుచునపుడు నీవు యోగము నేర్పవలెనని ఆదేశించి, బోధనావిధులన్నియు చెప్పి వ్రాయించెను. ఆమె పిదప హాలీవుడ్‌లో శాల తెరచెను. మైసూరులో రాజు 1940లో కీర్తిశేషుడు కాగా, ఆదరువు తగ్గి, 1950 ప్రాంతమున యోగశాల మూతపడెను.

అంతట కొత్తపద్ధతి వచ్చెను. శివానందస్వామి శిష్యుడు విష్ణుదేవానంద 1969లో పాశ్చాత్యదేశములందు యోగోపాధ్యాయ శిక్షణను తరగతిగా ప్రారంభించెను. అమెరికాలో 1999లో యోగా అలయన్స్ వెలసి, 200 గంటల శిక్షణ యను కొలమానమును వ్యాప్తికి దెచ్చెను. నేడు రిషికేశమునకు పోవు మన తెలుగు యువతీయువకులును ఈ లెక్కతోనే మూట గట్టుకొని బయలుదేరుచున్నారు. కొలమానము చెడ్డదని నేననను. కత్తెరకంటె గంటల పట్టిక మేలు. అయితే 200 గంటలు ముగిసిన మరునాడు ఎదుట కూర్చున్న శిష్యుడు తనకంటె మేలుగా వంగినచో ఏమి చేయవలెనో పాఠ్యక్రమములో వ్రాయుట కష్టము.

అయ్యంగారు 1975లో పుణెలో తన సంస్థకు సొంత భవనము గట్టిరి. అనుకోకుండ గురువైన ఈయన పేరిట నేడు జరుగు ఉపాధ్యాయ పరీక్షలు, మెట్టుమెట్టుగా ఏండ్లతరబడి సాగుచు, యోగలోకమున మిక్కిలి కఠినములని పేరుపడినవి.