నోర్డ్‌ష్లైఫె

నోర్డ్‌ష్లైఫె జర్మనీలో ఐఫెల్ కొండల నడుమనున్న నూర్బుర్గ్‌రింగ్ పందెపు మార్గము యొక్క ఉత్తర భాగము. 1927లో ప్రారంభమైనది. పొడవు 20.832 కి.మీ. 1976లో నికీ లౌడా ఇక్కడ ఘోర ప్రమాదమునకు గురియైన తరువాత దీనిపై ఫార్ములా వన్ పందెములు జరుగలేదు. సందర్శకులకు కేటాయించిన వేళలలో రుసుము చెల్లించి తమ కారును నడుపుకొనవచ్చును.

తొలిసారి నడుపువారు

ఆ వేళలలో ఇది చట్టరీత్యా సుంకము గల రహదారియే. పోటీపడుట, సమయము లెక్కించుట నిషిద్ధము. ముందు కారును ఎడమవైపు నుండి మాత్రమే దాటవలెను. మన దేశపు అలవాటుకు ఇది తలక్రిందులు. ఇనుప కంచెను ఢీకొన్నచో దాని ఖర్చు నడిపినవారిదే.

స్పోర్ట్స్ కారు కొన్నవారు ఇంజను శక్తినే చూచుకొందురు గాని, ఇక్కడ ముందుగా లొంగిపోవునది బ్రేకులే. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు క్రొత్త ద్రవము కనీస మరుగు స్థానము 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరినప్పుడు ప్రమాణము 155 డిగ్రీలే. వరుస మలుపులలో వేడెక్కి ద్రవము మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నొక్కుకొనిపోవును గనుక పెడలు అడుగంటినను బ్రేకు పడదు. అందుచే బయలుదేరుటకు ముందే ద్రవమును మార్పించవలెను. చుట్టు ముగిసిన పిదప వెంటనే ఆపి చేతిబ్రేకు వేయక, కొంతదూరము నెమ్మదిగా నడిపి బ్రేకులను చల్లారనియ్యవలెను.